అమ్మ ముఖం, అమ్మ కన్ను

మా ఇంట్లో జరిగిన ఒక సంగతి మీకు ఉపయోగపడుతుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము. మేము ముగ్గురం అన్నదమ్ములం. అప్పటికి మా అమ్మకు 61 ఏళ్ళు. షుగరు ఉంది.

2016 డిసెంబరులో అమ్మ రాత్రి బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఊరినుండి వచ్చింది. మరునాడు ఉదయం నోరు పుక్కిలిస్తుంటే నీళ్ళు కుడి పక్కనుండి కారిపోయాయి. నవ్వబోతే మూతి ఎడమకు లాగింది. కుడి కన్ను మూతపడలేదు. పక్కింటావిడ చూసి, "పక్షవాతం వచ్చిందర్రా!" అన్నది. ఇల్లంతా ఏడుపులు.

మాలో పెద్దవాడు ఆయుర్వేదమే మేలన్నాడు. చిన్నవాడు పట్నం ఆస్పత్రి అన్నాడు. నడిమివాడు ఎటూ తేల్చలేదు. ఈ వాదులాటలోనే రెండు రోజులు గడిచాయి. ఆ మధ్యలో ఎవరో చెప్పారని, మూతపడని ఆ కంట్లో ఆకు పసరు పోయించాము. ఆ తప్పు మాదే.

మూడోనాడు ఉదయాన్నే పొరుగూరిలోని ఆయుర్వేద వైద్యునిగారి దగ్గరకు తీసుకువెళ్ళాము. "అమ్మగారూ, కనుబొమలు పైకెత్తండి" అన్నారాయన. నొసటి ఎడమ పక్క ముడతలు పడ్డాయి, కుడి పక్క నున్నగా ఉండిపోయింది. రెండు చేతులూ చాచి ఉంచమన్నారు, మాట్లాడించారు, నడిపించారు. తరువాత మావైపు తిరిగి ఇలా అన్నారు:

"ఇది పక్షవాతంలా లేదు నాయనా. మేము అర్దిత వాతం అంటాము, డాక్టర్లు బెల్స్ పాల్సీ అంటారు. చెవి వెనుక ఎముకలోని ఇరుకు దారి గుండా ముఖానికి వచ్చే నరం వాస్తే ఇలా అవుతుంది. అయినా నా మాట మీద ఆగకండి. ఇప్పుడే పట్నం వెళ్ళి చూపించండి. వాళ్ళ మాత్రలు మూడు రోజుల్లోగా పడాలి. నా తైలం ఎక్కడికీ పోదు. ముందు ఆ కన్ను కాపాడుకోండి."

తన దగ్గరకు వచ్చిన రోగిని తానే మరొకరి దగ్గరకు పంపిన ఆ పెద్దాయనకు మేము ఎంతో రుణపడి ఉన్నాము.

పట్నంలో డాక్టరుగారూ అదే జబ్బన్నారు. షుగరు చూసుకుంటూ 10 రోజులు ప్రెడ్నిసొలోన్ మాత్రలు ఇచ్చారు. కంటి డాక్టరుగారు మాత్రం కంటిపాప మీది పొర ఎండి పుండు పడిందన్నారు. పగలు చుక్కలు, రాత్రి మలాము వేసి, రెప్ప మూసి టేపు అంటించమన్నారు.

మాత్రలు అయ్యాక, డాక్టరుగారితో చెప్పే, ఆయుర్వేదం మొదలుపెట్టాము. బలా వేరు, పాలు, నువ్వుల నూనెతో కాచిన క్షీరబలా తైలాన్ని గోరువెచ్చగా చేసి, కంటికి తగలకుండా నొసటికీ బుగ్గకూ మెల్లగా రాసేవాళ్ళం. వైద్యునిగారు తామే ముక్కులో నస్యం వేసేవారు. అర్దితానికి నస్యం, తలకు తైలం చరకుడు చెప్పినవేనట. అద్దం ముందు కూర్చోబెట్టి "ఈ", "ఊ" అనిపించేవాళ్ళం. పూటకొకరం వంతులు వేసుకున్నాము. వాదులాడుకున్న మేము ముగ్గురం ఆ తైలం గిన్నె దగ్గరే మళ్ళీ ఒకటయ్యాము.

మూడో వారంలో పెదవి కొస కదిలింది. సిగ్గుపడి గుడికి రావడం మానేసిన అమ్మ, 2017 ఈస్టరు నాడు అందరితోపాటు నిలబడి పాడింది.

మరి ఏ మందు నయం చేసింది? నిజాయితీగా చెప్పాలంటే, అంతా తైలం మహిమే అనలేము. ఏ మందూ లేకపోయినా ఈ జబ్బు నూటికి సుమారు 70 మందికి పూర్తిగా తగ్గుతుంది. స్కాట్లాండులో చేసిన ఒక పరిశోధన ఫలితాలు 2007లో వెలువడ్డాయి. మూడు రోజుల్లోగా ప్రెడ్నిసొలోన్ మొదలుపెట్టినవారిలో తొమ్మిది నెలలకు నూటికి 94 మందికి నయమైంది. అది వాడనివారిలో 82 మందికి. తైలం ఎంత పనిచేసిందో కొలవలేము గాని, రోజూ ముఖాన్ని తాకిన చేతులు అమ్మకు ధైర్యమిచ్చాయని మాత్రం చెప్పగలము.

ముఖం తిరిగి వచ్చింది. కంటి మీది మచ్చ మాత్రం పోలేదు. ఆ కంటికి అక్షరాలు నేటికీ మసకే. అమ్మ ఒక్కనాడూ మమ్మల్ని మాట అనలేదు. అదే మాకు ఎక్కువ బాధ.

కాబట్టి సోదరీ సోదరులారా, మీ ఇంట్లో ఎవరి మూతైనా వంకరపోతే వాదులాడుకుంటూ కూర్చోకండి. ఏ జబ్బో ఇంట్లోనే తేల్చుకోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి. చెయ్యి, కాలు, మాట కూడా పడిపోతే ఒక్క నిమిషమైనా ఆగవద్దు. మూతపడని కంటిని కాపాడండి, అందులో పసరు పోయించకండి. తైలం తరువాత రాసుకోవచ్చు.