పాత మైకు పలకాలంటే

మైకు మొరాయిస్తే మనవాళ్లు ముందు దాని నెత్తిన ఓ మొట్టికాయ వేస్తారు. పలికిందా, ఆ ఏటికి శ్రీరామనవమి గట్టెక్కినట్టే. గుడివాడ వైపు ఓ మైకుసెట్టు కొట్టు ఎత్తేస్తూ సామానంతా తూకానికి వేస్తుంటే ఒక పాత డైనమిక్ మైకు తెచ్చుకున్నాను. మొట్టికాయలు బాగా తిన్నదే. జాలీ ఓ పక్క సొట్టపోయింది, కంపెనీ పేరు అరిగిపోయింది.

మర తిప్పి జాలీ ఊడదీస్తే లోపలి స్పాంజి నల్లటి పొడిగా రాలింది. కన్నాల్లో ఎర్రటి మరకలు. తాంబూలమో, వేషగాళ్ల పెదాల రంగో. సబ్బునీళ్లలో పాత పళ్లబ్రష్షుతో రుద్ది ఎండలో పెట్టాను. ఇంతవరకు ఎవరైనా చేస్తారు. అసలు కథ కింద క్యాప్సూల్లో ఉంది. పలచని పొర, దానికి అంటించిన వెంట్రుకంత రాగితీగ చుట్ట, చుట్టూ అయస్కాంతం. గొంతుకి పొర కదిలితే చుట్ట కదులుతుంది. చుట్ట కదిలితే అందులో కరెంటు పుడుతుంది. నోటితో ఊదకూడదు, పుల్లతో గుచ్చకూడదు. బల్లమీద ఇనుప రజను ఉంటే అయస్కాంతం చటుక్కున లాగేసుకుంటుంది. శుభ్రమైన కాగితం పరుచుకుని కూర్చోవాలి.

మల్టీమీటరు కొసలు ఆనించగానే మైకే 'టిక్' అంది. స్పీకరూ ఇదీ ఒకే జాతి మరి, కరెంటిస్తే పలుకుతుంది. చుట్ట తెగలేదని తేలి ప్రాణం లేచొచ్చింది. (రిబ్బన్ మైకు దొరికితే మాత్రం ఈ పరీక్ష పెట్టకండి. అందులో ఉండేది కొద్ది మైక్రాన్ల అల్యూమినియం రేకు. మీటరు కరెంటుకే చెడిపోవచ్చు.) జబ్బంతా స్విచ్చులో ఉంది. బెజవాడ తేమకి పచ్చగా చిలుం పట్టింది. ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, ఊడిన వైరుకి టంకం వేశాను.

ఇక రంగు వెయ్యమన్నారు ఇంట్లో. వెయ్యలేదు, సొట్టా తియ్యలేదు. పాత మైకుకి మెరుగుపెట్టి షోకేసులో కూర్చోబెట్టేవాళ్లంటే నాకు పడదు.

ఇది హై ఇంపీడెన్స్ రకం, సుమారు 50 వేల ఓములు. ఇప్పటి మిక్సరులో మామూలు మైకు పెట్టేచోట పెడితే గొణుగుతుంది. గిటారు పెట్టే చోట పెడితే నోరు విప్పింది. గంభీరమైన గొంతేం కాదు. కానీ పద్యానికి సరిపోయింది. తిరుపతి వేంకట కవుల ఉద్యోగ విజయాలు ఆడిన పాతకాలపు నటులు రాగం పైకి లాగేముందు ఓ అడుగు వెనక్కి వేసేవారు, మాట తగ్గించినప్పుడు ముందుకి వచ్చేవారు. ఒకవైపే వినే మైకుకి దగ్గరైతే గొంతులో మంద్రం పెరుగుతుంది. ఆ లెక్క వాళ్లకి కాళ్లలో ఉండేది. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ రేడియో కేంద్రంలో పాడితే నాబు తిప్పడానికి అవతల మనిషి ఉంటాడు. పందిట్లో ఎవరున్నారు? మైకుసెట్టు కుర్రాడు ఆపాటికి ఆంప్లిఫయరు పక్కనే గుర్రుపెట్టేవాడు.

మీ ఊళ్లో మైకుసెట్టు కొట్టు ఎత్తేస్తున్నారని తెలిస్తే ఓసారి వెళ్లి రండి. తూకానికి వేసేముందు స్విచ్చూ వైరూ విప్పి చూడమనండి. చాలా మైకులకి జబ్బు అక్కడే ఉంటుంది.