ఆఖరిసారి బాగున్నది ఎన్ని గంటలకు?

ఒరేయ్ చంటీ,

ఫోనులో చెప్పబోతే గొంతు పూడుకుపోతోంది. అందుకే రాస్తున్నాను. నాన్న ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాడు. ఎడమ కాలు ఈడుస్తూ గుమ్మం దాకా నడుస్తున్నాడు. చెయ్యి ఇంకా స్వాధీనంలోకి రాలేదు.

పక్షవాతం వచ్చిన రోజు పొద్దున్న అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు. పెదవి చివర నుంచి కాఫీ కారి బనీను మీద పడింది. తుడుచుకోలేదు, ఆయనకి తెలియనే లేదు. చొక్కా గుండీ పెట్టుకోబోతే ఎడమ చెయ్యి జారిపోతోంది. "చెయ్యి కింద పెట్టుకు పడుకున్నానురా, తిమ్మిరెక్కింది" అన్నాడు. మాట ముద్దగా వచ్చింది. మేం నమ్మి, కాసేపు పడుకోమన్నాం. షుగరు పడిపోయిందేమోనని ఎవరో పంచదార నీళ్లు పట్టబోతే పొలమారింది. ఇంకొకరు పావురం రక్తం రాయమన్నారు. ఆఖరికి దగ్గరున్న ఆసుపత్రికి తీసుకెళితే అక్కడ స్కానింగు లేదు. కాకినాడ చేరేసరికి మధ్యాహ్నం దాటిపోయింది.

అక్కడ డాక్టరుగారు ముందు అడిగింది ఒక్కటే. "మనిషి ఆఖరిసారి బాగున్నది ఎన్ని గంటలకు?" ఆరింటికి పళ్లు తోముకున్నప్పుడు బాగానే ఉన్నాడంది అమ్మ. రాత్రి నుంచే నలతగా ఉన్నాడన్నాడు తమ్ముడు. వైద్యమంతా ఆ జవాబు మీదే ఉందిరా. మెదడుకి పోయే నాళంలో గడ్డ అడ్డుపడితే దాన్ని కరిగించే ఇంజెక్షన్ ఉంది. లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. అదీ మెదడులో రక్తస్రావం లేదని సీటీ స్కాన్‌లో తేలాకే. నాళం పూడుకుపోయినా, చిట్లినా పైకి ఒకేలా కనిపిస్తుంది. అందుకే మనంతట మనం ఆస్పిరిన్ కూడా మింగించకూడదట. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి దాదాపు 19 లక్షల మెదడు కణాలు చచ్చిపోతాయట. మేం గంటలు పోగొట్టాం.

నన్ను నిద్రపోనివ్వనిది ఇంకొకటుంది. అంతకు రెండు రోజుల ముందు సంతలో నాన్నకి ఐదు నిమిషాలు మాట పడిపోయింది. మళ్లీ మామూలైపోయి, వంకాయలు బేరమాడి తెచ్చాడు. ఎండదెబ్బ అనుకున్నాం. దానంతట అది తగ్గిపోయినా సరే, అప్పుడే ఆసుపత్రికి పరిగెత్తాల్సింది. ఆ తర్వాతి రెండు రోజులే అన్నిటికంటే ప్రమాదమట.

నిన్న మీ ఇంటికెళ్లాను. పోపులపెట్టె పక్కన పిన్ని బీపీ మాత్రల అట్ట ఉంది. నాలుగే వాడింది. "తలనొప్పి తగ్గిపోయిందిగా నాయనా, ఇంకా మందెందుకు?" అంది. నాన్నా ఇలాగే మానేశాడు. బీపీ నొప్పి పెట్టదురా, కొలిస్తేనే తెలుస్తుంది. మా మిషను తెచ్చి చూశాను, 168/96. పక్షవాతానికి అన్నిటికంటే పెద్ద కారణం ఈ బీపీయే. బీపీ తగ్గాలంటే ఉప్పు రోజుకి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా దాటకూడదు. పిన్ని కంచంలో ఆవకాయ, ఊరమిరపకాయలతోనే ఆ లెక్క అయిపోతోంది. షుగరు, గుండె లయ తప్పడం, పొగాకు కూడా పక్షవాతం తెచ్చిపెడతాయి. నాన్న చుట్ట మానేశాడు. నువ్వూ ఆ సిగరెట్లు మానెయ్యరా.

మస్కట్ నుంచి రోజూ వీడియోలో మాట్లాడతావు కదా, పిన్ని మొహం సరిగ్గా చూడు. ఒకసారి నవ్వించు. రెండు చేతులూ ఎత్తమను. నోరు ఒక పక్కకి లాగినా, ఒక చెయ్యి కిందికి జారినా, మాట తడబడినా, ఉన్నట్టుండి చూపు మసకబారినా, తూలినా వెంటనే టైము రాసుకుని నాకు ఫోను చెయ్యి. నేను 108కి చేస్తాను. సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రి నంబరు, మాత్రల పేర్లు మీ వంటింట్లో క్యాలెండరు మీద రాసిపెట్టాను. నోట్లో ఎవరినీ నీళ్లు పొయ్యనివ్వను.

ఉత్తరం అందిన రాత్రే పిన్నికి ఫోను చేసి, మాత్ర వేసుకుందో లేదో అడుగు. నేను చెబితే నవ్వి ఊరుకుంది. నువ్వు చెబితే వింటుంది.

నీ
అబ్బులు