అమ్మ సూట్‌కేసులో పవర్ బ్యాంక్



శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ మా బుద్వేల్‌కి దగ్గరే. అయినా మా ఇంట్లో మొదట విమానం ఎక్కింది అమ్మే. దసరా సెలవుల్లో దుబాయ్‌లో ఉన్న అక్క దగ్గరికి ఒక్కతే బయలుదేరింది. సూట్‌కేసు నేనే సర్దాను. ఫోన్ ఛార్జింగ్ అయిపోతే ఎలా అని కొత్త పవర్ బ్యాంక్ కొని, భద్రంగా చీరల మధ్యలో పెట్టాను.

అమ్మ లోపలికి వెళ్లిన గంటకి ఫోన్ వచ్చింది. "ఏమైందో ఏమో బిడ్డా, నా పేరు పిలిచిన్రు. సూట్‌కేసు తెరవమంటున్నరు." గొంతు వణుకుతోంది. నేను బయట, ఆమె లోపల. తర్వాత తెలిసింది, ఎక్స్‌రేలో పవర్ బ్యాంక్ కనిపించిందట. అక్కడివాళ్లు మర్యాదగానే దాన్ని తీయించి, చేతిసంచిలో పెట్టుకోమన్నారు. విమానం ఎక్కేముందు అమ్మ ఒకే మాట అడిగింది: "నువ్వు టీచర్‌వి గదా, నీకు గూడ తెల్వదా?"

నిజంగానే తెలియదు. రూల్ ఎక్కడో చదివే ఉంటాను. కారణం తెలియదు కాబట్టి గుర్తులేదు.

సెలవుల తర్వాత ఎనిమిదో తరగతిలో ఈ సంగతి చెప్పాను. ఒక బాబు వెంటనే లేచి, "టీచర్, అది ప్రమాదమైతే మన పక్కనే ఎందుకు పెట్టుకోమంటారు?" అన్నాడు. మంచి ప్రశ్న. లిథియం బ్యాటరీలో ఒక సెల్ విపరీతంగా వేడెక్కితే ఆ వేడి పక్క సెల్‌కి పాకుతుంది. మన కళ్ల ముందుంటే పొగ కనిపిస్తుంది, సిబ్బంది నీళ్లు పోసి చల్లార్చగలరు. కింద సామాన్ల గదిలో అయితే ఎవరూ చేరుకోలేరు. అక్కడ మంటలార్పే ఏర్పాటు ఉన్నా, ఈ రకం మంటని అది పూర్తిగా ఆపలేకపోవచ్చు.

2025 జనవరిలో దక్షిణ కొరియాలో ఎయిర్ బుసాన్ విమానం బయలుదేరకముందే కాలిపోయింది. మంట తల పైన ఉండే సామాన్ల అరలో మొదలైంది. పవర్ బ్యాంక్ కారణం కావచ్చని దర్యాప్తు అధికారులు చెప్పారు. అదృష్టవశాత్తూ లోపలున్న 176 మందీ బయటపడ్డారు.

తర్వాత పిల్లలతో లెక్క చేయించాను. 20,000 మిల్లీ ఆంపియర్ అవర్లని 3.7 వోల్టులతో గుణించి 1000తో భాగిస్తే 74 వాట్ అవర్లు. 100 వరకు మామూలుగా తీసుకెళ్లవచ్చు. 100 నుంచి 160 వరకు ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. అంతకుమించితే కుదరదు. ఆ సాయంత్రం చాలామంది ఇంట్లో పవర్ బ్యాంక్ తిప్పి చూశారట!

ఫ్లైట్ మోడ్‌కి కారణం వేరు. అది మంట గురించి కాదు, సిగ్నల్ గురించి. ఫోన్ టవర్ కోసం వెతుకుతూ పంపే సిగ్నల్ పైలట్ల హెడ్‌సెట్‌లో గరగరమని వినిపించవచ్చు. మన దేశంలో 2014 నుంచి ఫ్లైట్ మోడ్‌లో పెట్టి ఫోన్ వాడుకోనిస్తున్నారు.

సెలవుల్లో ప్రయాణం ఉంటే పవర్ బ్యాంక్‌ని చెక్-ఇన్ సామానులో వేయకండి. పైన అరలో కాకుండా దగ్గరే ఉంచుకోండి. విమానంలో దానితో ఛార్జింగ్ పెట్టకండి. ముఖ్యంగా, పిల్లలకి "వద్దు" అని చెప్పి ఆగిపోకండి, "ఎందుకు వద్దో" కూడా చెప్పండి. కారణం తెలిసిన పిల్లలు రూల్ మర్చిపోరు.

తిరుగు ప్రయాణంలో అమ్మ ముందు లైన్‌లో ఉన్న ఒకబ్బాయి పవర్ బ్యాంక్‌ని సూట్‌కేసులో పెడుతున్నాడట. "అందుల వద్దు బాబూ, చేతిసంచిల పెట్టుకో" అని అమ్మే కారణంతో సహా చెప్పిందట. ఈసారి నాకన్నా మంచి టీచర్ ఆమే.