ఫార్మాట్ కొట్టకుండా

మన హాస్టల్లో ఏ లాప్‌టాప్‌కి జబ్బు చేసినా మందు ఒకటే. "ఫార్మాట్ కొట్టెయ్ రా!" బ్లూ స్క్రీన్ వచ్చినా అదే, స్టార్ట్ మెనూ తెరుచుకోకపోయినా అదే. మనకేం పోతుంది చెప్పండి? ల్యాబ్ రికార్డు పక్క రూమ్‌లో దొరుకుతుంది, సాఫ్ట్‌వేర్లు మళ్ళీ దించుకుంటాం. అదే మాట ఉండిలో మా బాబాయ్ డీటీపీ షాపులో అంటే మాత్రం ఆయన ఆ పూట అన్నం మానేస్తాడు.

షాపులో ఉన్నది ఒకటే సిస్టమ్. శుభలేఖలు, ఓణీల ఫంక్షన్ కార్డులు, సంక్రాంతి ఫ్లెక్సీలు, చెరువుల లీజు కాగితాలు అన్నీ అందులోనే. పోయిన శ్రావణంలో, పెళ్ళి కార్డుల సీజన్ మధ్యలో, అప్‌డేట్ అవుతుండగా కరెంటు పోయింది. అప్పట్నుంచి స్టార్ట్ మెనూ పలకదు, ప్రింటర్ కనపడదు, అప్‌డేట్ సగం దాకా వెళ్ళి వెనక్కొచ్చేస్తుంది. అయితే విండోస్ ఆన్ అవుతోంది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, కథంతా దీని మీదే.

చూడ్డానికి వచ్చిన మెకానిక్కు "ఫైల్స్ డీ డ్రైవ్‌లో ఉన్నాయి కదండీ, సీ ఫార్మాట్ చేసేద్దాం, ఏం పోవు" అన్నాడట. నిజమే, ఫైల్స్ పోవు. అక్షరాలు పోతాయి.

బాబాయ్ టైప్ చేసేది పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉన్నా, పేజ్‌మేకర్‌కి యూనికోడ్ రాదు. అందుకని ఇలాంటి ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల స్థానాల్లో మన గుణింతాల్నీ వత్తుల్నీ ముక్కలుగా కూర్చోబెట్టాయి. ఆ ఫాంటు లేని సిస్టమ్‌లో శుభలేఖ తెరిస్తే చి.ల.సౌ. పక్కన అమ్మాయి పేరుకి బదులు డాలర్లు, బ్రాకెట్లు కనిపిస్తాయి. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో, దాని తర్వాత అడోబి 8.0 అన్నది తేనే లేదు. అను సీడీ ఏ అట్టపెట్టెలో ఉందో బాబాయ్‌కే తెలీదు. అంటే ఆ షాపుకి ఫైల్ ఎంతో, ప్రోగ్రామూ అంతే.

నేను వెళ్ళగానే చేసిన పని కాపీ. ఫైల్సూ, ఫాంట్ల ఫోల్డరూ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి. హార్డ్‌డిస్కే చచ్చిపోతుంటే రిపేరు దాన్ని ఇంకా తొందరగా చంపుతుంది కాబట్టి దాని ఆరోగ్యం కూడా చూశాను. బాగానే ఉంది.

తర్వాత కమాండ్లు. ఎస్ఎఫ్‌సీ స్కాన్ పాడైన సిస్టమ్ ఫైల్ తీసి మంచిది పెడుతుంది. ఆ మంచిది తెచ్చేది కాంపోనెంట్ స్టోర్ అనే గోడౌన్ నుంచి. గోడౌన్‌లో బియ్యానికే పురుగు పడితే ఎన్నిసార్లు కొలిచినా పురుగు బియ్యమే. అందుకే ముందు డీఐఎస్ఎం రీస్టోర్ హెల్త్‌తో గోడౌన్ బాగుచేయాలి, ఆ తర్వాతే ఎస్ఎఫ్‌సీ. మా సిస్టమ్‌కి రెండూ చాలలేదు.

ఇక మిగిలింది విండోస్ మీదే విండోస్ ఎక్కించడం. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి ఐఎస్ఓ దించి, నడుస్తున్న విండోస్ లోపలే దాన్ని తెరిచి సెటప్ నొక్కాలి. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే ప్రోగ్రాములు మిగలవు. విండోస్ ఆన్ అవుతోందన్నది గుర్తుపెట్టుకోమన్నది అందుకే. ఎడిషనూ భాషా కూడా పాతదానితో కలవాలి. ఇంగ్లీష్ అని ఒకటి, ఇంగ్లీష్ ఇంటర్నేషనల్ అని ఒకటి ఉంటాయి, చూసి దించుకోండి. కలవకపోతే "కీప్ పర్సనల్ ఫైల్స్ అండ్ యాప్స్" అన్న ఆప్షన్ నొక్కడానికే రాదు. రీసెట్‌లో వచ్చే "కీప్ మై ఫైల్స్" వేరు, అందులో మనం ఎక్కించుకున్న ప్రోగ్రాములన్నీ పోతాయి. ఆ పేరు పెట్టినవాడికి ఒక దణ్ణం.

మళ్ళీ కరెంటు పోతే? మా ఊళ్ళో కరెంటు పోగానే చెరువుల వాళ్ళు జనరేటర్ల దగ్గరికి పరుగెడతారు, ఏరియేటర్లు ఆగితే రొయ్యకి ఆక్సిజన్ అందదు. ఆ రాత్రి అలాంటి జనరేటరొకటి అరువు తెచ్చి షాపు ముందు పెట్టించాడు బాబాయ్.

రెండు గంటలు, మూడు రీస్టార్ట్‌లు. స్క్రీన్ మీద శాతాలు పెరుగుతుంటే బాబాయ్ అటు చూడకుండా బయట నిలబడ్డాడు. డెస్క్‌టాప్ రాగానే లోపలికొచ్చి, ఏమీ మాట్లాడకుండా మర్నాడు ప్రింటుకి వెళ్ళాల్సిన కార్డు తెరిచాడు. ఆపిల్ కీబోర్డులో ముహూర్తం టైము సరిచేశాడు. ఒక్క వత్తు కూడా చెదరలేదు. "టీ తాగుతావురా?" అన్నాడు.

పాత విండోస్ "విండోస్ డాట్ ఓల్డ్" ఫోల్డర్‌లో పది రోజులుంటుంది, నచ్చకపోతే వెనక్కి పోవచ్చు. మేం పోలేదు. విండోస్ 11 వాడేవాళ్ళకి ఐఎస్ఓ శ్రమ కూడా అక్కర్లేదు, సెట్టింగ్స్‌లో రికవరీకి వెళ్తే అప్‌డేట్ ద్వారా మళ్ళీ ఎక్కించే బటన్ ఉంటుంది.

బాబాయ్‌ది విండోస్ 10. దాని మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, ఆ బోర్డులో టీపీఎం 2.0 లేదు. సిస్టమ్ మార్చక తప్పదు. బేరాల్లేని మధ్యాహ్నాలు ఆయన పాత కార్డుల్ని పీడీఎఫ్ చేస్తున్నాడు. పిన్ని అటక మీద అను సీడీ వెతుకుతోంది.