గిబియోనువారి పాత బట్టలు, మన పెండ్లి గౌన్లు



మన వైపు పంట డబ్బులు చేతికొచ్చే కాలమూ పెండ్లిళ్ల కాలమూ ఒకటే. మూడు ఆదివారాలుగా పెండ్లి ప్రకటనలు చదువుతూనే ఉన్నాను. ప్రకటన చదివిన సాయంత్రమే ఎవరో ఒక ఆడబిడ్డ ఫోన్ పట్టుకొని మా ఇంటికి వస్తుంది. నా కోసం కాదు, అమ్మగారికి చూపించడానికి. ఇద్దరూ వంటింటి గడప మీద కూర్చొని గంటసేపు వేలితో బొమ్మలు పైకి తోస్తూ ఉంటారు. మధ్యలో నేను కాఫీ అడిగితే నాకే పని చెబుతారు.

ఆ బొమ్మలు నేనూ చూశాను. "వింటేజ్ బ్రైడల్" అని కొడితే చాలు, వరదలా వస్తాయి. మెడదాకా మూసిన లేసు గౌన్లు, మోచేతిదాకా వచ్చే చేతి తొడుగులు, వల ముసుగులు, ముత్యాల దువ్వెనలు, గుప్పిట్లో పట్టే పూసల పర్సులు. రంగు తెలుపు కాదట, ఐవరీ అట. మన మాటలో మీగడ రంగు. కింద మాత్రం అమ్మమ్మల కాలంనాటి అందం అని రాసి ఉంటుంది. ఎవరి అమ్మమ్మ అని నేను అడిగితే ఇద్దరూ నవ్వేశారు. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

కొత్త వస్తువును పాతదానిలా తయారు చేయడం బైబిలులో ఒకచోట ఉంది. యెహోషువ గ్రంథం 9వ అధ్యాయం చదవండి. గిబియోనువారు గాడిదలమీద చినిగిన గోనెలు వేశారు. కుట్లు వేసిన ద్రాక్షారసపు తిత్తులు, మాసికలు వేసిన చెప్పులు, పాతగిలిన బట్టలు, బూజుపట్టిన రొట్టె తెచ్చుకున్నారు. చాలా దూరదేశంనుండి వచ్చామన్నారు. మూడు రోజుల తర్వాత చూస్తే పక్క ఊరివాళ్లే. ఫోనులో కనబడే గౌను కూడా అంతే, నిన్న మొన్న మిషను మీద కుట్టిందే. నేను దుకాణాలవాళ్లను మోసగాళ్లు అనడంలేదు. పాతదాన్ని పోలినది అని వాళ్లే రాస్తున్నారు. నా మనసు ఆగింది 14వ వచనం దగ్గర. ఇశ్రాయేలు పెద్దలు ఎదుటనున్న రొట్టెను చూశారు, ప్రభువు దగ్గర విచారణ చేయలేదు. చూపు పని చేసింది, ప్రార్థన చేయలేదు. ఆ పొద్దు చేసిన నిబంధన తర్వాత వెనక్కి తీసుకోవడానికి వీల్లేకపోయింది.

సరే, ఈ తెల్ల గౌను ఎక్కడనుండి వచ్చిందో తెలుసుకుందాం. 1840 ఫిబ్రవరి 10న లండనులో విక్టోరియా రాణి ఆల్బర్టు రాకుమారుణ్ణి పెండ్లి చేసుకుంది. అంతకుముందు రాజకుటుంబాల పెండ్లికూతుళ్లు వెండి జరీ, రంగురంగుల పట్టు కట్టేవారు. ఆమె మీగడ రంగు శాటిను గౌను వేసుకుంది. పట్టు స్పిటల్‌ఫీల్డ్స్ నేతగాళ్లది, లేసు డెవన్ జిల్లాలోని పల్లె ఆడవాళ్లు చేత్తో అల్లింది. మిషను లేసు వచ్చి చేతిపనివాళ్ల పొట్ట కొడుతున్న రోజులవి. వాళ్లకు పని దొరకాలనే రాణి ఆ లేసు ఎంచుకుంది. తలమీద వజ్రాల కిరీటం పెట్టుకోలేదు, నారింజ పూల దండ పెట్టుకుంది. (మన పిల్లలు ప్లాస్టిక్ రాళ్ల కిరీటం కోసం ఏడుస్తుంటే నాకు ఈ సంగతి గుర్తొస్తుంది.) ఆ లేసును ఆమె ఒక్కరోజు వాడి పెట్టెలో పడేయలేదు. తర్వాత ఎన్నో సందర్భాల్లో మళ్లీ మళ్లీ వేసుకుంది. 1901లో చనిపోయినప్పుడు ఆమెతోపాటు ఆ పెండ్లి ముసుగునూ సమాధి చేశారు.

ఆ తెలుపే మిషనరీలతోపాటు మన పేటల్లోకి వచ్చింది. ముత్యాలపాడు, కలసపాడు, నంద్యాల మిషన్లలో బాప్తిస్మం తీసుకున్న మన పూర్వికులు గౌను తీసుకోలేదు, తెలుపును మాత్రం తీసుకున్నారు. తెల్లచీర, పైన ముసుగు. అది మనం చేసుకున్న కలయిక. అందుకే మన పెండ్లికూతురు ఇంగ్లండు పెండ్లికూతురులా ఉండదు, ఊరి పెండ్లికూతురులా కూడా ఉండదు. చాలా ఇళ్లలో ఉంగరంతోపాటు సిలువ గుర్తున్న తాళి కూడా ఉంటుంది.

మన సంఘంలో ఎనభై దాటిన ఒక అవ్వను అడిగాను, అవ్వా, నీ పెండ్లి చీర ఏమైంది అని.

"తెల్లచీరే నాయనా, ముతక నూలుది. పెండ్లయిన మూడోనాడే రంగునీళ్లలో ముంచినారు. తెల్లచీరతో కూలికి పోతే మొగుడు పోయినదనుకుంటారని మా అత్తకు భయం. ఆ చీరలోనే నా నలుగురు బిడ్డలు ఊయల ఊగినారు."

మరి ముసుగు?

"ముసుగు నాది కాదు. గుడిలో ఒకటి ఉండె, దొరసానమ్మలు ఇచ్చిపోయినదంట. అందరం దాన్నే వేసుకుంటిమి. నా తర్వాత నా చెల్లెలు కూడా."

ఫోనులో చూపించే అమ్మమ్మల కాలం అది కాదు. మన అమ్మమ్మల కాలం ఇది. ఒకటే ముసుగు, పేటలోని పెండ్లికూతుళ్లందరికీ. అంతకుముందు తరంలో ఊరి వీధి దాటేటప్పుడు చెప్పులు చేతబట్టుకొని నడిచినవాళ్లం మనం. గుడి లోపల మాత్రం మన పిల్ల తెల్లగా, తలమీద ముసుగుతో, తల ఎత్తుకొని నడిచింది. అలంకారాన్ని తిట్టే బోధకులు ఈ సంగతి మరచిపోకూడదని నా మనవి. మొదటి పేతురు 3వ అధ్యాయం చదివి జడలు, బంగారం అని ఆడబిడ్డల మీద విరుచుకుపడటం తేలిక. అదే పేతురు సాధువైన మృదువైన మనసు గురించి చెప్పింది బోధకుడికి కూడా పనికొస్తుంది.

ఇంత ఎందుకు రాస్తున్నానంటే, కిందటి సంవత్సరం ఆళ్లగడ్డ దగ్గర ఒక పల్లెలో జరిగిన పెండ్లి. తల్లిదండ్రులిద్దరూ మిరప, పత్తి చేలల్లో కూలి. పిల్ల డిగ్రీ చదివింది. ఆమె ఎంచుకున్న గౌను, ముసుగు, తొడుగులు, ముత్యాల సెట్టు అన్నీ కలిపి 22 వేలు. తల్లి పొదుపు గ్రూపులో లోను తీసుకుంది. ఎనుమును కొనాలని ఎప్పటినుండో అనుకుంటున్న లోను అది. తండ్రికి మనసొప్పలేదు. నన్ను పిలిచి, అయ్యగారూ మీరైనా చెప్పండి అన్నాడు. నేను నోరు తెరిచేలోపలే ఆ పిల్ల అడిగింది.

"అయ్యగారూ, మా అమ్మ పెండ్లికి ఒక్క ఫోటో కూడా లేదు. కట్టుకున్న చీర కూడా పక్కింటివాళ్లదే. ఒక్కరోజు నేను రాణిమాదిరి ఉంటే దేవునికి కోపమొస్తాదా?"

రాదమ్మా అన్నాను. అది నిజం కాబట్టే అన్నాను. యెహెజ్కేలు 16వ అధ్యాయంలో పొలంలో పారవేయబడిన పసికందు ఉంది. బొడ్డు కోసినవారు లేరు, నీళ్లు పోసినవారు లేరు. ఆ బిడ్డను చేరదీసిన దేవుడు ఆమెకు కుట్టుపని బట్టలు, పట్టు, గాజులు, హారం, ముక్కుకు పోగు, తలకు కిరీటం పెట్టాడు. కాళ్లకు చెప్పులు కూడా తొడిగాడని ఆ వచనాల్లో ఉంది. చెప్పులు చేతబట్టుకొని నడిచినవారి మనవరాండ్రు ఆ మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. మన దేవుడు ఆడబిడ్డకు అందమైన బట్ట కట్టడానికి సిగ్గుపడే దేవుడు కాదు. రిబ్కాకు కూడా సంబంధం కుదరకముందే బావి దగ్గరే బంగారు ముక్కుపోగు, పది తులముల కడియాలు వచ్చాయి.

ఆ తర్వాత ఆమెతో ఇంకొక మాట అన్నాను. యెహెజ్కేలులో ఆ బట్టలన్నిటి ఖర్చు పెట్టుకున్నది కట్టించినవాడే. రిబ్కాకు ఇచ్చినదీ అబ్రాహాము ఆస్తిలోనుంచే. ఇక్కడ ఖర్చు ఎవరిది? మీ అమ్మది. నువ్వు రాణిలా ఉండే రోజుకు ఆమె రెండు సంవత్సరాలు కంతులు కట్టాలి. ఆమెను కూర్చోబెట్టుకొని అడుగు, నా ఎదుట కాదు, మీరిద్దరే, అన్నాను. ప్రార్థన చేసి వచ్చేశాను.

వాళ్లు గౌనే కొన్నారు. పెండ్లినాడు నిజంగా బాగుంది, అబద్ధమెందుకు. వాళ్లమ్మ గుడి చివరి వరుసలో నిలబడి చూసిన చూపు నేను బలిపీఠం దగ్గరనుండి చూశాను. ఎనుము ఇంకా రాలేదు. నన్నడిగితే నేను ఎనుమునే కొనమంటాను, ఇప్పటికీ అదే అంటాను. తల్లి మాత్రం, "నాకేం బాధ లేదయ్యా, కంతు కట్టుకుంటాండా" అంటుంది. ఆ పిల్ల గౌనును ఇప్పుడు పదిహేను వందలకు అద్దెకిస్తోంది. ఇద్దరు వేసుకున్నారు. రెండో పెండ్లిలో వెనక లేసు చిరిగిందని చెప్పింది.

లేసు అంటే ఇంకొక సంగతి చెప్పాలి. చేతి లేసు కోసం ఇంగ్లండు దాకా పోనక్కరలేదు. మన రాష్ట్రంలోనే నర్సాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు కొంకి సూదితో నూలు లేసు అల్లుతారు. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని అది. మరియా మీస్ అనే జర్మనీ పండితురాలు వాళ్లమధ్య ఉండి చదివి 1982లో ఒక పుస్తకం అచ్చు వేసింది. పగలంతా అల్లినా వాళ్లను పనివాళ్లుగా కాక, ఇంట్లో ఖాళీగా కూర్చునే గృహిణులుగానే లెక్కగట్టారనీ, అందుకే కూలి అంత తక్కువనీ ఆమె చూపించింది. విదేశాలకు ఎగుమతి అయిన లేసు అది, అల్లినవారి చేతికి వచ్చింది మాత్రం చిల్లర. మన ఆళ్లగడ్డ రాతి శిల్పాలకు ఉన్నట్టే నర్సాపురం లేసుకు కూడా 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నిజంగా అమ్మమ్మల కాలంనాటి పనితనం కావాలంటే అది ఉంది. మన నంద్యాలలో కుట్టించుకున్న తెల్లచీర రవికకు ఆ లేసు అంచు వేస్తే గౌనంత ఖర్చు కాదు. అల్లిన ఆడమనిషికి కూడా నాలుగు రూపాయలు చేరతాయి. యాకోబు 5వ అధ్యాయంలో బిగబట్టిన కూలి మొర పెడుతుందని చదువుకున్నాం కదా. చవక వస్తువు కొనేటప్పుడు ఆ మొర ఎక్కడినుండి వస్తోందో మనకు వినబడదు, అంతే.

ఇక ఆన్‌లైనులో కొనేవాళ్లకు. కొనవద్దని నేను ఎవరికీ చెప్పలేదు, చెప్పను. నంద్యాల గాంధీ చౌక్‌కు పోయి రావాలంటే ఆళ్లగడ్డనుండి సుమారు 40 కిలోమీటర్లు, కూలి పోగొట్టుకొని వెళ్లాలి. ఫోనులో కొనడం పేదవాడికి వెసులుబాటే. కానీ మొదటి ప్రకటన చదవకముందే తెప్పించుకోండి. మూడో ప్రకటన అయిపోయాక వచ్చిన గౌను సరిపోకపోతే ఏడవడానికి కూడా టైముండదు. కొలత ఇంచుల్లో టైలరు చేత తీయించండి, వాళ్ల సైజు నంబర్లు నమ్మవద్దు. వాపసు తీసుకుంటారా, ఎన్ని రోజుల్లోపల, అది ముందే చదవండి. పార్సిలు విప్పేటప్పుడు వీడియో తీయండి. పెదనాన్న వచ్చాక విప్పుదామని అటక మీద పెట్టి గడువు దాటించుకున్న ఇల్లు నాకు తెలుసు. ఐవరీ రంగు మన గుడి ట్యూబులైట్ల కింద పసుపు కొడుతుంది. సోషల్ మీడియా పేజీలో బొమ్మ పెట్టి, ముందుగా డబ్బు పంపమని అడిగేవారికి పంపవద్దు. పంపి మోసపోతే సిగ్గుపడి ఊరుకోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి. వస్తువు గురించిన ఫిర్యాదుకు 1915. ఇంకొకటి, విక్టోరియా పెండ్లి లండనులో ఫిబ్రవరిలో. మన పెండ్లిళ్లు మే నెలలో, రేకుల షెడ్డు కింద. మెడదాకా పాలిస్టరు లేసు వేసుకొని ప్రమాణాలు చెబుతూ కళ్లు తిరిగిన పిల్లకు నేనే నీళ్లు తాగించాను.

కానాలో జరిగిన పెండ్లిలో రాతి బానలు ఆరు అని యోహాను లెక్క రాశాడు. పెండ్లికూతురు ఏమి కట్టుకుందో రాయలేదు, పేరు కూడా రాయలేదు. మన దేశపు 1872 క్రైస్తవ వివాహ చట్టంలో కూడా సాక్షులు ఇద్దరు కావాలని ఉంది, రిజిస్టరులో సంతకాలు కావాలని ఉంది, బట్టల మాట లేదు. ఏ బట్టతో వచ్చినా నేను అవే ప్రమాణాలు చేయిస్తాను. కూలి చీరతో వచ్చినా సరే.

స్త్రీల మైత్రివాళ్లు ఈ మధ్య ఒక ట్రంకుపెట్టె కొన్నారు. అందులో ముసుగులు రెండు, చేతి తొడుగులు మూడు జతలు, ముత్యాల దువ్వెన ఒకటి ఉన్నాయి. అద్దె లేదు. ఉతికి, ఇస్త్రీ చేసి తిరిగి ఇస్తే చాలు. కావలసినవారు ఆదివారం ఆరాధన అయ్యాక అమ్మగారిని అడగండి. తొడుగుల్లో ఒక జత కొంచెం బిగుతు, ముందే వేసుకొని చూసుకోండి.