గుడ్డి బల్బు చెప్పే మాట

ఈసారి మందుల గురించి, ధరల గురించి కాదు, లైట్ల గురించి రాస్తున్న. లైట్ల గురించి రాసేదేముంటది అనుకోకుండ్రి. ఒక ఎల్‌ఈడీ బల్బును నమ్మి ఈ జనవరిల నేను పదమూడు వేలు పోగొట్టుకున్న. తప్పు బల్బుది కాదు, నాదే. అందుకే చెప్తున్న.

ముందు ఇంటి సంగతి. మా ఇంట్ల ఇదివరకు రెండు 60 వాట్ల బల్బులు, రెండు పాత ట్యూబ్‌లైట్లు, కొట్టంల ఒక 100 వాట్ల బల్బు ఉండె. ట్యూబ్‌లైట్ 40 వాట్లే అనుకుంటం గని దాని చోక్ ఇంకో పది పన్నెండు వాట్లు తింటది. అన్నీ కలిపితే సుమారు 320 వాట్లు. రోజుకు ఐదు గంటలు వెలిగితే ఒకటిన్నర యూనిట్ పైన, నెలకు 48 యూనిట్లు. ఇప్పుడు 60 వాట్ల బల్బు జాగల 9 వాట్ల ఎల్‌ఈడీ, ట్యూబ్ జాగల 20 వాట్ల ఎల్‌ఈడీ పట్టీ, కొట్టంల 12 వాట్లది పెట్టిన. మొత్తం 70 వాట్లు. నెలకు పది పదకొండు యూనిట్లు. వెలుతురు చూస్తే తగ్గింది లేదు. గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు ఉంటేనే సున్నా బిల్లు గదా. ఎండకాలం కూలర్ తిరిగే నెలల్ల ఈ 37 యూనిట్ల తేడా చిన్నదేం కాదు.

పాత బల్బుల తీగ ఎర్రగ కాలి వెలుగిస్తది. తీసుకున్న కరెంటుల నూటికి ఐదు పాళ్లు వెలుతురయితే మిగతాదంతా వేడే. అందుకే వెలుగుతున్న బల్బును ముట్టుకుంటే చెయ్యి కాలేది. నడుమ కొన్నేండ్లు సీఎఫ్‌ఎల్‌లు వచ్చినయి. కరెంటు బాగనే తగ్గించినయి గని వాటిల్ల పాదరసం ఉంటది. మీ ఇంట్ల ఇంకా ఉండి, పగిలితే కిటికీలు తెరిచి కొంచెంసేపు బయటికి రండ్రి. పెంకులు చేతితోని ముట్టకుండ్రి, పెంటకుప్పల వెయ్యకుండ్రి. ఆ ఎరువు మళ్లా మన పొలానికే పోతది.

ఎల్‌ఈడీ మన దాకా వచ్చింది ఉజాలా పథకంతోని. 2015 జనవరి 5న మొదలయింది. 2014ల సర్కారు ఒక బల్బును 310 రూపాయలకు కొనేది, టోకున కొనంగ కొనంగ 2016 నాటికి 38కి దిగింది. మనం పండించిన మిర్చికి ధర పడితే ఏడుస్తం గని, ఇట్ల పడ్డ ధర ఒక్కటి మనకు మంచిదే చేసింది.

ఇగ బాయికాడి ముచ్చట.

మా నాయిన స్టార్టర్ డబ్బా పక్కన మూడు ఫేజులకు మూడు గుడ్డి బల్బులు పెట్టేది. రాత్రి కరెంటు వచ్చే రోజుల్ల దూరం నుంచే ఆ బల్బులు చూసి లేచి పోయేటోళ్లం. మూడూ వెలిగితే మూడు ఫేజులు వచ్చినట్టు. రెండే వెలిగితే మోటర్ ముట్టుకునేది లేదు. మూడూ వెలిగినా మబ్బుగ, ఎర్రగ వెలిగితే, "ఓల్టేజీ లేదు బిడ్డా, ఆగు" అనేటోడు. మేం మీటర్ ఎన్నడు కొనలే. ఆ బల్బే మా మీటర్.

2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చినంక బల్బుల దిక్కు చూసుడు తగ్గింది. పోయిన వానకాలం ఆ మూడింటిల ఒకటి మాడిపోతే, నేను తెలివిగల్లోన్ని అనుకొని మూడూ తీసేసి ఒక్క 9 వాట్ల ఎల్‌ఈడీ పెట్టిన. వెలుతురు మస్తు. పాములు, తేళ్లు కనబడతయని సంబురపడ్డ.

జనవరిల ఒక దిక్కు యాసంగి నాట్లు, ఒక దిక్కు మిర్చి కాత. ట్రాన్స్‌ఫార్మర్ మీద మోటర్లన్నీ ఒక్కసారే నడుస్తున్నయి. ఆ పొద్దుమీకి పోయి చూస్తే లైటు తెల్లగ ధగధగ వెలుగుతున్నది. కరెంటు బాగుందనుకొని మోటర్ వేసి ఇంటికొచ్చిన. తెల్లారి పోతే మోటర్ కాలింది. తరుచు ట్రిప్ అవుతున్నదని రిలేను ఎక్కువకు తిప్పిపెట్టింది కూడ నేనే. పైకి తీసుడు, వైండింగ్, మళ్లా దించుడు అన్నీ కలిపి పదమూడు వేలు. పైసలు పోతే పోయినయి, నాలుగు రోజులు నీళ్లు లేక మిర్చి పూత రాలింది. దానికి లెక్క కట్టలేదు, కట్టబుద్ధి కాలేదు.

వైండింగ్ చేసిన తమ్మునికి ముచ్చట చెప్తే ఆయన నవ్విండు. "అన్నా, ఎల్‌ఈడీ ఓల్టేజీ చెప్పదే" అన్నడు. అప్పుడు అర్థమయింది. పాత బల్బుకు ఓల్టేజీ ఎంత వస్తే అంతే వెలుగు. 230 ఉండాల్సింది 180కి పడితే దాని వెలుతురు సగం కన్న కిందికి పోతది. ఎల్‌ఈడీల లోపల డ్రైవర్ అని ఒక చిన్న సర్క్యూట్ ఉంటది. ఓల్టేజీ తగ్గినా పెరిగినా అది సర్దుకొని ఒకే తీరు వెలిగిస్తది. ఇంట్ల అది మంచి గుణమే. బాయికాడ అదే గుణం అసలు సంగతిని మనకు కనబడనియ్యది. మోటర్ ఏమో ఓల్టేజీ తగ్గితే అదే నీళ్లు ఎత్తడానికి ఎక్కువ ఆంపియర్లు గుంజి వేడెక్కుతది. ఇంకోటి, వైర్లల్ల కొంచెం లీకేజీ ఉన్నా ఎల్‌ఈడీ మినుకు మినుకుమంటది. గుడ్డి బల్బు అంత కొంచానికి వెలగది.

ఇప్పుడు స్టార్టర్ దగ్గర ఓల్ట్ మీటర్, ఆంపియర్ మీటర్ పెట్టిచ్చిన. రిలేను మోటర్ ప్లేట్ మీద రాసి ఉన్న ఆంపియర్లకు సరిచేయించిన, కెపాసిటర్ వేయించిన. అయినా నాయిన లెక్కనే మూడు గుడ్డి బల్బులు వెతికి తెచ్చి మళ్లా పెట్టిన. చీకట్ల గట్టు మీది నుంచి మీటర్ ముల్లు కనబడదు గదా. ఒక్క జాగ్రత్త చెప్త. లైటుకు న్యూట్రల్ లేదని బోరు పైపుకు వైరు కట్టేటోళ్లు ఉన్నరు. పైపు ముట్టుకున్నోళ్ల పానం పోతది. అట్ల చెయ్యకుండ్రి.

మిర్చి రంగు సంగతి కూడ చెప్పాలె. మన వరంగల్ చపాట మిర్చికి 2025ల జీఐ గుర్తింపు వచ్చింది. దాని విలువ ఎర్రటి రంగులనే ఉన్నది. నేను ఒకసారి కల్లంల రాత్రి చవక ఫ్లడ్‌లైట్ కింద తాలు ఏరిచ్చిన. పొద్దుగాల చూస్తే మంచి కాయల తాలు అట్లనే ఉన్నది. మళ్లా కూలోళ్లను పెట్టిన. లైటు డబ్బా మీద సీఆర్‌ఐ అని ఒక అంకె ఉంటది. ఎండకు 100 అనుకుంటే, వీధుల్ల ఉండే పాత పసుపు సోడియం లైటుకు పాతిక లోపే. దాని కింద ఎరుపు, గోధుమ ఒక్క తీరే కనబడతయి. మంచి ఎల్‌ఈడీకి 80, ఇంకా మంచిదానికి 90 ఉంటది. తాలు ఏరేది పగటి పూటనే. రాత్రి తప్పకపోతే 90 ఉన్నది కొనుండ్రి.

కోడిపిల్లల కాడ మాత్రం గుడ్డి బల్బే. పిల్లలకు కావాల్సింది వెలుతురు కన్న వేడి. మా ఆడమనిషి ఎల్‌ఈడీ పెడితే పిల్లలన్నీ ఒక్క మూలకు కుప్ప పడ్డయి. 100 వాట్లది పెట్టంగనే విడిపోయి మేసినయి. కొట్టంల, వాకిట్ల అయితే పసుపు రంగు ఎల్‌ఈడీ పెట్టుండ్రి. తెల్లదాని కన్న దానికి వానకాలం ఉసిళ్లు తక్కువ వస్తయి. రేకులకు ఆనిచ్చి, గాలాడకుండ బిగించకుండ్రి. వేడికి పోయేది లోపలి డ్రైవరే.

నాయిన పోయి ఆరేండ్లయింది. పొద్దుమీకి బాయికాడికి పోయినప్పుడు మూడు బల్బులు చూసి, ఎర్రగ ఉంటే గట్టు మీద కూసుంట. తెల్లగ అయ్యేదాక లేవను.

మీ బాయికాడ ఏ బల్బు ఉన్నదో ఒకసారి పోయి చూడుండ్రి.