ముంచండి గానీ రాయొద్దు

సంఘం పుస్తకం నా చేతికొచ్చింది 1983లో. అప్పటి ఉపదేశికి చూపు తగ్గింది. పల్లెలో దస్తూరీ బాగున్నోణ్ణి నేనే, పైగా బడిపంతులిని. బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, మరణాలు అన్నీ అందులోనే. నలభై ఏళ్లు దాటింది, అన్ని పేర్లూ నా చేత్తో రాసినవే. అందులో నా పేరు లేదు.

నాకు బాప్తిస్మం అయింది 1969లో, పదహారేళ్లప్పుడు. మాది ఒంగోలు దగ్గర మాదిగపల్లె, బాప్టిస్టు సంఘం. మాలో పసిబిడ్డ నెత్తిన నీళ్లు చల్లరు. తెలివొచ్చి, నోటితో ఒప్పుకున్నాక నిలువునా ముంచుతారు. కాలవలో నడుం లోతు నీళ్లల్లో అయ్యగారు నా మెడ కింద చెయ్యేసి పట్టుకుంటే గట్టు మీంచి మా నాయన అరిచాడు: "ముంచండయ్యగారూ, గానీ రాయొద్దు!"

అందరూ నవ్వారు. మా నాయన నవ్వలా. లందలో తంగేడు చెక్కేసి తోలు నానబెట్టుకునే మనిషి, అక్షరం ముక్క రాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు సంగతి ఆయనకెవరు చెప్పారో ఇప్పటికీ నాకు తెలవదు. హిందువు కానోడు ఎస్సీ కాడు పొమ్మంది ఆ ఉత్తర్వులో మూడో పేరా. 1956లో సిక్కులకి తలుపు తీశారు, 1990లో బౌద్ధులకి తీశారు. మాకు తీయలా. కిరస్తానం పుచ్చుకున్న మాలమాదిగల్ని మా రాష్ట్రంలో బీసీ-సీ అన్నారు, ఒక్క శాతం ఇచ్చారు. అందుకని నాకు రెండు పేర్లు. బడి పేరు రామాయణంలోది, గుడి పేరు బైబిల్లోది. ఆ బడి పేరుతోనే 1976లో ఉద్యోగం వచ్చింది. ఆ జీతంతోనే మా గుడికి రేకులు పడ్డాయి. దీన్ని మోసమన్నోళ్లూ ఉన్నారు, మా సంఘంలోనే. అనుకోనీ.

మీటింగుల్లో కుర్రాళ్లు అడుగుతుంటారు, "మాస్టారూ, మీ ముత్తాతలు గోధుమల కోసమే కదా కలిసింది?" అని. ఓపిగ్గానే చెబుతాను. 1876-78 కరువులో క్లౌ దొర బకింగ్‌హాం కాలవ తవ్వకంలో మూడు మైళ్లు కంట్రాక్టు పట్టి మావోళ్లకు కూలి ఇప్పించాడు. కూటి కోసం కలిశారనే మాట పడకూడదని, ఆ కరువు పని నడిచినన్నాళ్లు బాప్తిస్మాలు ఇవ్వలా. పని ఆగాక, 1878 జూలై 3న, ఒక్కరోజే 2,222 మంది మునిగారు. అంతకు పదేళ్ల ముందే, తోళ్ల పని చేసుకునే మాదిగ ఎర్రగుంట్ల పేరయ్య ఊరూరూ తిరిగి చెప్పాడు. చచ్చిన గొడ్డును తినం, ఊరి దేవతకి డప్పు కొట్టం, ఆదివారం వెట్టికి రాం అన్నారు మావోళ్లు. ఆ మాటన్నందుకు దెబ్బలు తిన్నారు, బావులు మూసేస్తే నీళ్లు లేక అల్లాడారు. గోధుమల కోసం అట్టాంటి పని ఎవడు చేస్తాడు?

వయసులో ఉండగా నా భక్తి అంతా అడుక్కోవడమే. ఉద్యోగం ఇయ్యి, బదిలీ ఆపు, బిడ్డ జ్వరం తగ్గించు. అది ఎక్కడ ఆగిందంటే 1985లో. జూలై 17న కారంచేడులో మాదిగల్ని వెంటాడి నరికారు. బతికినోళ్లు చీరాల చేరారు. మా సంఘం ఆ ఆదివారం కానుకంతా పోగేసి బియ్యం కొని పంపింది, మూటల వెంట నేనూ పోయాను. ఒకామె నన్ను ఎరిగిన మనిషే, "అన్నా, ప్రార్థన చెయ్యి" అంది. నాకు నోరు పెగల్లా. ఏమని అడగను? కాసేపు చూసి ఆమే చేసింది. వానలో ఉన్నాం, పైన కప్పు ఇయ్యి తండ్రీ అంది. అంతే. నరికినోళ్లు ఎవర్నీ నీ పేరు బడిదా గుడిదా అని అడగలేదు.

అప్పట్నించి నేను అడగడం తగ్గించా, పోయి కూర్చోవడం ఎక్కువ చేశా. జబ్బు మనిషి మంచం పక్కన, కొడుకుతో పోట్లాడిన ముసలమ్మ అరుగు మీద. సమాధి తవ్వే కుర్రాళ్లకి టీ తీసకపోవడం కూడా సంఘం పనే. ఇప్పుడు డెబ్బై రెండేళ్లు, మోకాళ్లు వంగవు. ప్రార్థనకి అందరూ మోకరిస్తే నేను కుర్చీలో కూర్చుంటా. మొదట్లో సిగ్గేసేది.

2011లో రిటైరయ్యాను. ఇంక నన్ను పీకేదెవరు, నా పేరు రాసుకుందామని పుస్తకం తెరిచాను. వరస నంబరు వేశాను. మావాడు వెనకే నిలబడ్డాడు. వాడికి అప్పుడే ఉద్యోగం వచ్చింది, సర్టిఫికెట్టు తనిఖీ కాలేదు.

"నాయినా, నువ్వు రాసుకో. గానీ ఎవడన్నా పిటీషను పెడితే ముందు అడిగేది ఈ పుస్తకమే."

వాడు తప్పు మాట అనలా. మా నాయన గట్టు మీంచి అన్నమాటే అన్నాడు. కలం మూసేశా. నంబరు వేసిన గీత అట్టా ఖాళీగా ఉండిపోయింది, దాని కింద పేర్లు రాసుకుంటా పోయాను.

2025లో, గుంటూరు జిల్లా పాస్టరు ఒకాయన తనను కులం పేరుతో తిట్టి కొట్టారని పెట్టిన కేసులో హైకోర్టు, మతం మారినోడికి ఎస్సీ ఎస్టీ చట్టం వర్తించదంది. ఆ వారం మా గుళ్లో మగోళ్లు సగం మంది రాలా. ఆడోళ్లు మాత్రం వచ్చారు. ఎప్పట్లాగే చాపలు దులిపి పరిచారు.

మొన్న కొత్తగా వచ్చిన అయ్యగారు పుస్తకం తిరగేస్తా ఆ గీత దగ్గర ఆగాడు. చిన్నవాడు, నా కొడుకు కన్నా చిన్న.

"మాస్టారూ, ఇక్కడ తప్పు పడినట్టుందే. నంబరుంది, పేరు లేదు."

"తప్పు కాదయ్యగారూ. అది నాది," అన్నాను.

ఆయన కాసేపు నా మొహం వంక చూసి, పుట తిప్పాడు.